కామాలు పెడితే భూమికీ వలయాలు

ఇంగ్లీషులో "హూ", "విచ్" ముందు కామా ఎప్పుడు పెట్టాలని ఒక పాఠకుడు అడిగారు. బళ్ళో నేర్పిన సూత్రం ఆయనకి కంఠతా వచ్చు: అదనపు సమాచారమైతే నాన్‌రెస్ట్రిక్టివ్ క్లాజు, కామా పెట్టు. "ఏది అదనమో ఎలా తెలుస్తుందండీ?" అన్నదే ఆయన బాధ. ఆ సూత్రం చేతులెత్తేసేదీ అక్కడే.

ఒకసారి ఆకాశంలోకి చూద్దాం. "ది ప్లానెట్స్ విచ్ హావ్ రింగ్స్ ఆర్ జెయింట్స్." కామాల్లేవు కాబట్టి ఆ క్లాజు జల్లెడలా పనిచేస్తుంది. ఎనిమిది గ్రహాల్ని పోసి జల్లిస్తే వలయాలున్నవి నాలుగు మిగులుతాయి: గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. నాలుగూ భారీవే, వాక్యం నిజం. (యురేనస్ వలయాలు బయటపడింది 1977లో. అంతకుముందు జల్లిస్తే శని ఒక్కటే మిగిలేది!) ఇప్పుడు "ప్లానెట్స్" తర్వాత ఒక కామా, "రింగ్స్" తర్వాత ఒక కామా పెట్టండి. జల్లెడ మాయం. ఎనిమిదింటికీ వలయాలున్నాయి, ఎనిమిదీ భారీవే అన్నట్టయింది. మన కాళ్ళ కింది భూమే అది అబద్ధమని చెబుతుంది.

"మార్స్, విచ్ హాజ్ టూ మూన్స్," అన్నప్పుడు కామాలు తప్పవు. ఉన్నదొక్క అంగారకుడు, జల్లించడానికేముంది? "నో ప్లానెట్" పక్కన మాత్రం కామాలు కుదరవు. ఏ గ్రహాన్నీ చూపించకుండా దేని గురించి అదనంగా చెబుతాం? ఇంకో పరీక్ష: "మార్స్, విచ్ హాజ్ టూ మూన్స్, హాజ్ రింగ్స్" అన్నది అబద్ధమని కొట్టిపారేయండి. పోయేది వలయాలే, రెండు చందమామలూ చెక్కుచెదరవు.

"విచ్" అయితే కామా, "దట్" అయితే వద్దు అని పిల్లలకి నూరిపోస్తారు. సగం నిజం. నాన్‌రెస్ట్రిక్టివ్‌లో "దట్" పనికిరాదు, సరే. కానీ కామా లేని "విచ్" తప్పన్నది వట్టి మూఢనమ్మకం. 1926లో ఇంగ్లీషు వాడుక మీద రాసిన ప్రసిద్ధ పుస్తకంలో ఈ పంపకాన్ని సిఫార్సు చేసిన ఫౌలరే, మంచి రచయితలంతా ఇది పాటిస్తున్నారని అనలేదు.

మనవాళ్ళు తడబడటానికి కారణం తెలుగులోనే ఉంది. "వలయాలున్న గ్రహాలు" అంటే జల్లెడ, "వలయాలున్న శని" అంటే కాదు. రెండుచోట్లా అదే "ఉన్న". తేడా మనకి అర్థమవుతుంది గానీ దానికి గుర్తంటూ లేదు.

ఇంతకీ ఆ పాఠకుడి ఉత్తరంలో "మై సన్ హూ ఈజ్ ఎ డాక్టర్" అని ఉంది, కామాల్లేకుండా. ఎంతమంది అబ్బాయిలండీ అని అడిగాను. ఒక్కడేనట. అయితే రెండు కామాలూ పెట్టాల్సిందే.