ఒకే మెమ్‌కాపీకి రెండు రూపాలు ఎందుకు?

2010 చివర్లో ఫెడోరా 14 అనే లైనక్స్ వేసుకున్నవాళ్లలో కొందరికి, బ్రౌజర్‌లో వీడియోలు ఆడించే 64 బిట్ ఫ్లాష్ ప్లేయర్‌లో పాటలు గరగరమంటూ వినిపించసాగాయి. ఫ్లాష్‌లో ఒక్క అక్షరం మారలేదు. మారింది దాని కిందున్న సీ లైబ్రరీ, అంటే ప్రోగ్రాములన్నీ పంచుకునే ఫంక్షన్ల భండారం, జీలిబ్‌సీ.

మెమరీలో ఒకచోటి డేటాను ఇంకోచోటికి కాపీ చేసే ఫంక్షన్ మెమ్‌కాపీ. ఆ రెండు చోట్లూ ఒకదానిమీదొకటి పడితే ఏమవుతుందన్నదానికి సీ భాష ప్రమాణం పూచీ పడదు. ఆ పనికి మెమ్‌మూవ్ వేరే ఉంది. అయినా పాత మెమ్‌కాపీ మొదటి నుంచి చివరిదాకా వరసగా కాపీ చేసేది కాబట్టి, తప్పుగా వాడినా చాలాసార్లు చెల్లిపోయేది. ఇంటెల్ ఇంజినీర్లు కొత్త ప్రాసెసర్ల కోసం రాసిచ్చిన వేగవంతమైన రూపం మాత్రం కొన్ని సందర్భాల్లో చివరి నుంచి మొదలుపెడుతుంది.

అయిదు గళ్లలో అ ఆ ఇ ఈ ఉ ఉన్నాయనుకోండి. చివరి నాలుగింటినీ ఒక గడి ఎడమకు జరపాలి. మొదటి నుంచి జరిపితే ఆ ఇ ఈ ఉ ఉ వస్తుంది, సరిగ్గానే ఉంది. చివరి నుంచి జరిపితే ముందు నాలుగో గడిలోకి ఉ వస్తుంది, దాన్నే మూడో గడి తీసుకుంటుంది, అలా చివరికి మిగిలేది ఉ ఉ ఉ ఉ ఉ. అసలు కోడ్ ఒక్కో బైట్ కాకుండా ముక్కలు ముక్కలుగా జరుపుతుంది గానీ, ఫ్లాష్ ధ్వని పాడైన తీరు ఇదే.

తప్పు ఫ్లాష్‌దే, లైబ్రరీ ప్రమాణం దాటలేదు అన్నది ఒక వాదన. కాదనడానికి లేదు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ చర్చలోకి దిగి, నిన్న పనిచేసింది ఇవాళ పనిచేయకపోతే వాడుకరికి ప్రమాణంతో పనేముందని నిలదీశారు. ఊరికే వాదించి వదల్లేదు, పాత పద్ధతిలో కాపీ చేసే చిన్న మెమ్‌కాపీ రాసి, దాన్ని ముందుగా లోడ్ చేసుకుంటే ధ్వని బాగవుతుందని చూపించారు. నా ఓటు ఆయనకే. ఫ్లాష్ మూలకోడ్ బయటివాళ్ల చేతిలో లేదు మరి, ఎవరు దిద్దుతారు?

2011లో జీలిబ్‌సీ 2.14 మధ్యేమార్గం పట్టింది. 1999 నాటి 2.1 నుంచే ఈ లైబ్రరీలో ఒకే ఫంక్షన్ పేరుకు వేర్వేరు వెర్షన్ ముద్రలు వేసే ఏర్పాటు ఉంది; ప్రోగ్రాము తాను తయారైనప్పటి ముద్రనే అడుగుతుంది. దాంతో 64 బిట్ ఇంటెల్ తరహా యంత్రాల్లో 2.2.5 ముద్ర ఉన్న పాత మెమ్‌కాపీని లోపల మెమ్‌మూవ్‌కే కలిపేశారు. కొత్తగా కంపైల్ చేసే, అంటే కోడ్ నుంచి కట్టే, ప్రోగ్రాములకు 2.14 ముద్ర.

పాత ప్రోగ్రాములు బతికాయి, చిక్కు రెండోవైపు తేలింది. కొత్త యంత్రంపై కట్టిన ప్రోగ్రామును, జీలిబ్‌సీ 2.12తో వచ్చిన సెంట్‌ఓఎస్ 6 అనే లైనక్స్ ఉన్న సర్వర్‌కు తీసుకెళితే ‘జీలిబ్‌సీ 2.14 దొరకలేదు’ అని మొరాయించేది. దాన్ని తప్పించుకోవడానికి జనం కోడ్‌లో ఒక లైను చేర్చి మెమ్‌కాపీని బలవంతంగా 2.2.5 ముద్రకే కట్టేవారు. అలా కట్టిన ప్రోగ్రాము కొత్త లైబ్రరీపై నడిచినప్పుడు దానికి దొరికేది మళ్లీ మెమ్‌మూవే.