అలలు విరగని సందులో నిలబడకండి: ఒడ్డు గాలం గురించి అపోహలు - వాస్తవాలు

భీమిలి వైపు ఒడ్డు మీంచి రాడ్‌తో గాలం వేయడం నేర్పుతుంటాను. నా దగ్గరకొచ్చే వాళ్లలో చాలామంది చేతిలో ఏదో ఒక గైడ్‌బుక్కో, దాని ప్రింటౌటో ఉంటుంది. చదువుకుని రావడం నాకు ఇష్టమే. ముడులు వేయడం, లీడర్ (గాలానికి ముందుండే చిన్న దారం) కట్టడం, సీసం బరువుకి తగ్గ లైన్ ఎంచుకోవడం వాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. భయమల్లా ఒక్క పేజీతోనే. "అలలు విరగని సందు వెతకండి, చేప అక్కడే ఉంటుంది" అని చెప్పే పేజీ. అందరూ దాని కిందే గీత గీసుకుని వస్తారు.

అపోహ: అలలు విరగని చోట నీరు నెమ్మదిగా ఉంటుంది, దిగి నిలబడటానికి అదే మంచి చోటు.

వాస్తవం: చేప అక్కడ ఉంటుందన్నది నిజమే. మీరు అక్కడ ఉండకూడదు, అంతే. ఒడ్డుకి కాస్త ఎడంగా నీళ్ల కింద ఇసుక దిబ్బ ఉంటుంది. అల దాని మీద విరిగి నీటిని ఒడ్డు మీదకి తోస్తుంది. ఆ నీరంతా మళ్లీ వెనక్కి పోవాలి కదా, దిబ్బ తెగిన చోటు చూసుకుని ఒక్క ఉరవడిగా లోపలికి పోతుంది. తెగిన చోట లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు, పైన చూడ్డానికి నీరు ముదురు రంగులో, నిమ్మళంగా ఉంటుంది. పోతూ పోతూ ఇసుకలోని పురుగుల్నీ పిల్ల పీతల్నీ ఊడ్చుకుపోతుంది గనక గొరకలూ జెల్లలూ అక్కడ కాచుకుంటాయి. రిప్ కరెంట్ అంటే ఇదే. సెకనుకి 2 మీటర్లు దాటి లాగే రోజులుంటాయి. పోటీల్లో ఈదేవాడు కూడా దానికి ఎదురీదలేడు. ఆర్కే బీచ్‌లో, యారాడలో, రుషికొండలో కొట్టుకుపోయారని ఏటా చదివే వార్తల వెనక ఎక్కువగా ఉండేది ఈ నిమ్మళమైన నీరే.

నాలుగేళ్ల కిందట హైదరాబాద్ నుంచి ఒకబ్బాయి వచ్చాడు. పుస్తకంలో బొమ్మ చూసి నీళ్లలో దిగేందుకు వేసుకునే, ఛాతీ దాకా ఉండే రబ్బరు వేడర్లు తెప్పించుకున్నాడు. అవి అట్లాంటిక్ చలినీళ్ల కోసం. మన దగ్గర సముద్రం ఏడాది పొడుగునా గోరువెచ్చగానే ఉంటుంది, పైగా వేడర్లలోకి నీళ్లు దూరితే కాలు తీసి కాలు వేయలేం. నేను ఎర రొయ్యలు వలుస్తున్నాను. తలెత్తేసరికి అతను తొడల్లోతులో, సరిగ్గా ఆ సందులో ఉన్నాడు. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నాకంటే ముందే చూసి, "ఏటి బాబూ, ఆడ నిల్సోకు, లాగెస్తది!" అని అరిచాడు. ఆ అరుపు పూర్తికాకుండానే అబ్బాయి కాళ్ల కింద ఇసుక జారిపోయింది. పెద్దాయనా నేనూ తాడు విసిరి బయటికి లాగాం. ఒడ్డున పడ్డాక కూడా రాడ్ వదల్లేదు. వేళ్లు నేనే ఒక్కొక్కటిగా విప్పాను. ఆ రాత్రి వాళ్లమ్మగారు ఫోన్ చేసి, "మావాడికి ఇంక నేర్పకండి బాబూ" అన్నారు. ఆవిడ భయం నాకు అర్థమైంది.

అందుకే మొదటి రోజు రాడ్ ముట్టనివ్వను. నీరు లాగితే ముందు రాడ్ వదిలేయాలి, ఎంత ఖరీదైనదైనా సరే. నేరుగా ఒడ్డు వైపు ఈదొద్దు. పక్కకి, ఒడ్డు వెంబడే ఈది, నురగ కనిపించే చోటికి చేరి, అప్పుడు అలలతో పాటు రండి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఈ నీరు సముద్రం వైపే లాగుతుంది, కిందికి లాగదు. "అమావాస్య నాడు సముద్రం మనిషిని కోరుతుంది" అంటూ వాట్సాప్‌లో తిప్పేవాళ్లని ఒకటే అడుగుతాను: ఆ మాట నమ్మి మిగతా రోజుల్లో ధైర్యంగా దిగిన పిల్లలకి ఎవరు జవాబు చెప్తారు? రిప్ ఏ తిథి నాడైనా ఉంటుంది, చాలా చోట్ల ఆటు సమయంలోనే ఇంకా బలంగా లాగుతుంది.

అసలు జనం నీళ్లలోకి దిగేది ఇంకో అపోహ వల్ల: ఎంత దూరం విసిరితే అంత పెద్ద చేప అని. దిబ్బకీ ఒడ్డుకీ మధ్య గుంట ఉంటుంది. పోటు ఎక్కేటప్పుడు చేప ఆ గుంటలోకి మేతకొస్తుంది. నేను పట్టినవాటిలో ఎక్కువ భాగం 30 మీటర్ల లోపలే పడ్డాయి. పొడి ఇసుక మీద నిలబడి వేసినా అక్కడికి అందుతుంది. ఆటు ఉన్నప్పుడు ఒకసారి వచ్చి గుంట ఎక్కడుందో, దిబ్బ ఎక్కడ తెగిందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పోటుకి రెండు గంటల ముందు మళ్లీ రండి. పోటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైముకి వచ్చి చేపల్లేవనకండి.

ఇంగ్లండ్ పుస్తకాల్లో ఆటుపోట్ల లెక్కలు మనకి పనికిరావు. అక్కడి బ్రిస్టల్ చానల్‌లో ఆటుకీ పోటుకీ తేడా 12 మీటర్లు దాటుతుంది, విశాఖలో 2 మీటర్లు కూడా ఉండదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం మరపడవలకీ మోటారు పడవలకీ. ఒడ్డున గాలం వేసేవాళ్లు కంగారు పడనక్కర్లేదు.

ఇంకొకటి, జెల్ల ముల్లు. గుచ్చుకుంటే సున్నం, పసుపు రాసి కూర్చుంటారు. ఆ ముల్లులో ఉండే విషం వేడికి విరుగుతుంది. భరించగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా చెయ్యి ముంచి ఉంచండి. ముల్లు లోపల విరిగితే నేరుగా ఆసుపత్రికి పోవాలి, టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగాలి. నా సంచిలో ఎర డబ్బా పక్కనే ఒక ఫ్లాస్కు నిండా వేడినీళ్లు ఉంటాయి. ఆ హైదరాబాద్ అబ్బాయి వాళ్లమ్మగారిని ఒప్పించుకుని మళ్లీ వచ్చినప్పుడు ఆ ఫ్లాస్కు అతనికే అవసరమైంది. ఈసారి మాత్రం పొడి ఇసుక మీదే నిలబడ్డాడు.