రొయ్య పిల్లల పీసీఆర్: యూరాసిల్ తగాదా ఎక్కడ మొదలైంది

హేచరీ ల్యాబు వైరస్ పరీక్షలో (పీసీఆర్, అంటే డీఎన్ఏ ముక్కను కోట్ల కాపీలు చేసి పట్టుకునే పద్ధతి) నెగటివ్ వచ్చిన సీడ్, అంటే రొయ్య పిల్లల బ్యాచ్, భీమవరం ల్యాబులో పాజిటివ్ వస్తుంది. ఆకివీడు, నరసాపురం వైపు రొయ్య రైతుకు ఇది కొత్త సంగతేం కాదు. ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నారనుకుంటారు గానీ, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు.

ఒక కారణం శాంపిల్. నూటికి రెండు పిల్లలకు వైరస్ ఉంటే, 150 పిల్లల్ని తీసి పరీక్షిస్తే అది దొరికే అవకాశం 95 శాతం. నూటికి ఒక్కదానికే ఉంటే, ఆ 150లో ఒక్క రోగిష్టి పిల్లా పడకపోయే అవకాశం 22 శాతం. దీనికి ల్యాబును తిట్టి లాభం లేదు. ఇంకో కారణం కన్ను. రొయ్య కన్నులో పీసీఆర్‌ను అడ్డుకునే పదార్థాలుంటాయి. కాస్త పెద్ద పిల్లలైతే కళ్ళు తీసేయకపోతే అదో దొంగ నెగటివ్. దొంగ పాజిటివ్ సంగతి వేరు, దాని చరిత్ర పొడుగు.

తెల్లమచ్చ అనే వైరస్ రోగం 1994-95లో తూర్పు తీరం టైగర్ రొయ్యల చెరువుల్ని ఊడ్చేసింది. లక్షణాలు కనబడ్డాక మూడు నుంచి పది రోజుల్లో చెరువు ఖాళీ. కాబట్టి పిల్ల వదలకముందే పట్టుకోవాలి. 1996లో తైవాన్ శాస్త్రజ్ఞులు ఇచ్చిన నెస్టెడ్ పీసీఆర్ ఆ పనికి స్థిరపడింది. మొదటి విడతలో 1447 బేస్ (డీఎన్ఏ అక్షరం) జతల ముక్క, దాని లోపలి నుంచి రెండో విడతలో 941 జతల ముక్క. మరీ కొద్దిపాటి వైరస్ కూడా దొరుకుతుంది, కానీ మధ్యలో ట్యూబు మూత తీయాలి. పరీక్ష ముగిసిన ట్యూబులో లక్ష కోట్ల కాపీలు ఉండొచ్చు. అందులో వెయ్యో వంతు పిపెట్‌కి అంటుకున్నా వంద కోట్లు. రేపు శుభ్రమైన సీడ్ పెట్టినా అవే లేస్తాయి, అదే దొంగ పాజిటివ్.

దీనికి విరుగుడు అప్పటికే ఉంది. 1974లో థామస్ లిండాల్ ఈ.కోలై బాక్టీరియాలో ఒక ఎంజైమ్‌ను పట్టుకున్నారు. డీఎన్ఏలో ఉండకూడని యూరాసిల్‌ను (థైమిన్ అనే బేస్‌ను పోలింది) అది కోసి తీసేస్తుంది. పేరు యూఎన్‌జీ. 1990లో దాన్ని పీసీఆర్‌లోకి తెచ్చారు. మిక్స్‌లో డీటీటీపీ (థైమిన్ ఇచ్చే ముడిసరుకు) బదులు డీయూటీపీ (యూరాసిల్ ఇచ్చేది) వేస్తే తయారయ్యే ప్రతి కాపీకీ యూరాసిల్ ముద్ర పడుతుంది. తర్వాతి పరీక్షకు ముందు 50 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు ఉంచితే యూఎన్‌జీ పాత కాపీలను పాడుచేస్తుంది. వైరస్ అసలు డీఎన్ఏలో ఉండేది థైమిన్ కాబట్టి దాని జోలికి పోదు.

ఈ ఉపాయం పారడానికి కారణం, టాక్ లాంటి చాలా పాలిమరేజ్‌లకు (డీఎన్ఏను కాపీ చేసే ఎంజైమ్‌లకు) థైమిన్‌కూ యూరాసిల్‌కూ తేడా తెలియకపోవడమే. కణంలో అదే పెద్ద ప్రమాదం. అందుకే అక్కడ డీయూటీపేజ్ కాపలా కాస్తుంది. 1960ల మొదట్లో గుర్తించిన ఈ ఎంజైమ్ డీయూటీపీని విరిచి డీయూఎంపీగా, పైరోఫాస్ఫేట్‌గా మారుస్తుంది. ఆ డీయూఎంపీయే థైమిన్ న్యూక్లియోటైడ్ తయారీకి ముడిసరుకు. ఈ ఎంజైమ్ మందగించిన ఈ.కోలైలో కొత్త డీఎన్ఏ చిన్న చిన్న ముక్కలుగా కనబడుతుందని, యూరాసిల్‌ను తీసే మరమ్మతు కోతలే అందుకు కారణమని 1977లో తేలింది. తెల్లమచ్చ వైరస్ కూడా తక్కువ తినలేదు. మూడు లక్షల బేస్ జతల జీనోమ్‌లో సొంత డీయూటీపేజ్ జన్యువును మోసుకొస్తుంది.

ల్యాబులో తప్పులు దొర్లేది ఇక్కడే. నెస్టెడ్‌లో యూఎన్‌జీని మొదటి విడతలోనే వేయాలి. రెండో విడతలోనూ వేస్తే, ముడిసరుకుగా వచ్చిన 1447 ముక్కనే తినేస్తుంది. అంటే అసలు ప్రమాదమున్న రెండో విడతకు రక్షణ లేనట్టే. పైగా ఈ.కోలై యూఎన్‌జీ 95 డిగ్రీలకు కూడా పూర్తిగా చావదు. చల్లారాక లేచి కొత్త కాపీలను కొరుకుతుంది. నెస్టెడ్‌కు వేడికి చచ్చే రకమే వాడాలి. ఏళ్ల తరబడి డీటీటీపీతో నడిపిన ల్యాబులో పాత కాపీలకు యూరాసిల్ ముద్రే లేదు, వాటిని యూఎన్‌జీ ముట్టుకోదు. బల్లలు, పిపెట్లు బ్లీచ్‌తో కడగాల్సిందే. డీయూటీపీని 400 మైక్రోమోలార్‌కు పెంచినప్పుడు మెగ్నీషియం కూడా పెంచకపోతే బ్యాండ్ (కాపీలు కనబడే గీత) వెలవెలబోతుంది. నీళ్ల కంట్రోల్‌తో (శాంపిల్ బదులు ఉత్త నీళ్లు వేసిన ట్యూబుతో) పాటు, పాత యూరాసిల్ కాపీని కావాలనే వేసిన ట్యూబు ఒకటి నడిపితే యూఎన్‌జీ పనిచేస్తోందో లేదో తెలుస్తుంది.

సీక్వెన్సింగ్ కోసం వైరస్ జన్యువును తప్పుల్లేకుండా తీయాలనుకునేవాళ్లకు మరో చిక్కు. పీఎఫ్‌యూ లాంటి, ఆర్కియా అనే సూక్ష్మజీవుల పాలిమరేజ్‌లు టాక్ మాదిరి కాదు, యూరాసిల్‌ను నాలుగు బేసుల ముందే పసిగట్టి ఆగిపోతాయి. డీయూటీపీ వేయకపోయినా, వేడికి డీసీటీపీ అనే మరో ముడిసరుకులో కొంత డీయూటీపీగా మారుతుంది. 2002లో ఆ మిక్స్‌కు డీయూటీపేజ్ కలిపి చూస్తే దిగుబడి పెరిగింది. అదే మిక్స్‌ను డీయూటీపీతో నడిచే పరీక్షలో పొరపాటున వాడితే, ఎంజైమ్ డీయూటీపీని మింగేసి పరీక్ష చచ్చిపోతుంది. ఈ రెండింటి సీసాలు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టడమే మేలు.

మూత తీయని రియల్‌టైమ్ పీసీఆర్‌లో యూఎన్‌జీకి నిజంగా పూర్తి పని దొరుకుతుంది. సీడ్ కొనే రైతు రిపోర్టులో అడగాల్సినవి: ఏ పద్ధతి, ఎన్ని పిల్లలు, నీళ్ల కంట్రోల్‌లో ఏం వచ్చింది.