ఉక్కు పెట్టె, గాజు తీగ, వాటి వెనకాల మనుషులు

ప్రియమైన పిల్లలకు,

వర్తకం, ప్రయాణాలు, టెక్నాలజీ వల్ల దేశాలు దగ్గరయ్యాయని మీ పుస్తకంలో ప్రపంచీకరణ పాఠం చెబుతుంది. నిజమే. కానీ ఎలా దగ్గరయ్యాయో, ఎవరి కష్టంతో దగ్గరయ్యాయో తెలియకపోతే ఆ పాఠం పరీక్ష అయిన మర్నాటికే గుర్తుండదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక ఉక్కు పెట్టె సంగతి. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూవార్క్ రేవు నుంచి ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 పెట్టెలతో హ్యూస్టన్‌కు బయల్దేరింది. ఆ ఆలోచన మాల్కం మెక్లీన్ అనే లారీల వ్యాపారిది. అప్పటిదాకా ఓడలోకి సరుకు ఎక్కించాలంటే బస్తాలు, పీపాలు, బేళ్లు ఒక్కొక్కటిగా కూలీలు మోయాలి, లేదా వలలో వేసి క్రేన్‌తో ఎత్తాలి. ఒక్క ఓడకే రోజుల తరబడి పట్టేది. కొంత సరుకు తడిసేది, కొంత పగిలేది, కొంత దారిలోనే మాయమయ్యేది. మెక్లీన్ సరుకును విప్పలేదు. లారీ మీది పెట్టెను ఉన్నదున్నట్టు ఎత్తి ఓడ మీద పెట్టించాడు. టన్ను సరుకు ఎక్కించడానికి 6 డాలర్ల దాకా అయ్యే ఖర్చు 16 సెంట్లకు పడిపోయింది.

ఈసారి కంటెయినర్, అంటే ఆ ఉక్కు పెట్టె, కనిపిస్తే దాని మూలలు చూడండి. ఎనిమిది మూలల్లోనూ మందపాటి ఉక్కు దిమ్మెలు, వాటికి కోలగా రంధ్రాలు ఉంటాయి. క్రేన్ నుంచి దిగిన కొక్కేలు పై రంధ్రాల్లోకి దూరి 90 డిగ్రీలు తిరుగుతాయి, పెట్టె బిగిసిపోతుంది. లారీ మీద, రైలు మీద, ఓడ మీద అవే రంధ్రాలు. ఏ దేశపు రేవులోనైనా అవే కొలతలు. ఆ కొలతలు కుదరడానికి 1960ల్లో ఇంజినీర్లు, కంపెనీలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. చివరికి మెక్లీన్ తన కంపెనీ పేటెంట్లను అందరూ ఉచితంగా వాడుకోవడానికి వదిలేశాడు. పెట్టెను తయారు చేయడం కన్నా ఆ వదులుకోవడమే గొప్ప పని అని నేననుకుంటాను. లేకపోతే రేవుకో రకం పెట్టె ఉండేది.

దీనికి మూల్యం చెల్లించినవాళ్లూ ఉన్నారు. పెద్ద కంటెయినర్ ఓడలు లండన్ నగరంలోని పాత రేవుల దాకా రాలేకపోయాయి. 1981 నాటికి అవి మూతపడ్డాయి. తరతరాలుగా ఆ పనే చేసుకుంటున్న వేలమంది కూలీల బతుకుతెరువు పోయింది. ఈ లాభం గురించి చెప్పేవాళ్లు వాళ్ల పేరెత్తకపోతే నాకు బాధగా ఉంటుంది.

ఇక తీగ సంగతి. వీడియో కాల్ ఆకాశంలో శాటిలైట్ మీదుగా వస్తుందని చాలామంది అనుకుంటారు. ఖండాల మధ్య నడిచే డేటాలో 95 శాతానికి పైగా సముద్రం అడుగున వేసిన కేబుళ్లలోనే పోతుంది. నడిసముద్రంలో ఆ కేబుల్ తోటకు నీళ్లు పట్టే పైపంత లావే ఉంటుంది. లోపల వెంట్రుకంత సన్నని గాజు పోగులు, వాటిలో పరిగెత్తే వెలుతురు. దూరం పోయేకొద్దీ వెలుతురు నీరసిస్తుంది కాబట్టి దారి పొడవునా దానికి బలమిచ్చే రిపీటర్లు ఉంటాయి.

2022 జనవరిలో పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దీవుల దగ్గర సముద్రంలో అగ్నిపర్వతం పేలి, ఆ దేశాన్ని బయటి ప్రపంచంతో కలిపే కేబుల్ తెగిపోయింది. విదేశాల్లో ఉన్న టోంగా వాళ్లకు ఇంట్లోవాళ్లు బతికున్నారో లేదో కూడా తెలియక రోజుల తరబడి ఒకటే టెన్షన్. రిపేరు ఓడ వచ్చి కేబుల్‌ను బాగు చేసేసరికి అయిదు వారాలు పట్టింది. ఇలాంటి ఓడల సిబ్బంది సముద్రం అడుగుకు కొక్కేలు దింపి, తెగిన కొసలు వెతికి పైకి లాగి, గాజు పోగులను ఒక్కొక్కటిగా కరిగించి అతికిస్తారు. మనం ‘నెట్ వచ్చింది’ అని ఒక్క ముక్కలో అనేస్తాం.

ప్రయాణాల గురించి మీకు నేను పెద్దగా చెప్పక్కర్లేదు. ఒక వైరస్ విమానాలెక్కి కొన్ని వారాల్లోనే ఖండాలు దాటింది. దాని జన్యుక్రమం 2020 జనవరిలోనే ఇంటర్నెట్‌లోకి వచ్చింది కాబట్టే అదే ఏడాది డిసెంబరుకు టీకాలు వేయడం మొదలైంది. రోగం, మందు రెండూ ఆ దారుల్లోనే వచ్చాయి.

కానీ అప్పుడు ఓడల్లో ఏం జరిగిందో చాలామందికి తెలియదు. ప్రపంచ వర్తకంలో, పరిమాణం లెక్కన, 80 శాతానికి పైగా సముద్రం మీదే సాగుతుంది. లాక్‌డౌన్‌లోనూ ఓడలు ఆగలేదు. మందులు, సరుకులు వస్తూనే ఉన్నాయి. వాటిని తెచ్చిన నావికులను మాత్రం చాలా దేశాలు ఒడ్డున అడుగు పెట్టనివ్వలేదు. 2020 చివర్లో దాదాపు 4 లక్షల మంది ఒప్పందం గడువు ముగిసినా ఇంటికి పోలేక ఓడల్లోనే ఉండిపోయారు. కొందరికి ఏడాది దాటింది. సరుకుకు తెరిచిన తలుపు మనిషికి తెరవలేదు. ఇది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో, ఢాకా దగ్గరి సావర్‌లో, రాణా ప్లాజా అనే భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ఎక్కువమంది బట్టలు కుట్టే ఆడవాళ్లే. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసింది. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టుపనివాళ్లను మాత్రం పొద్దున్నే లోపలికి పంపారు. శిథిలాల్లో దొరికిన లేబుళ్లు యూరప్, అమెరికా బజార్లలో అమ్మే బ్రాండ్లవి.

ఆ బట్టలు కొన్న దేశాల జనం నిలదీశారు, కార్మిక సంఘాలు పట్టుబట్టాయి. కొద్ది వారాల్లోనే కంపెనీలు చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం మీద సంతకాలు పెట్టడం మొదలుపెట్టాయి. సంతకం పెట్టిన కంపెనీల సంఖ్య 200 దాటింది. ఇంజినీర్లు ఫ్యాక్టరీలకు వెళ్లి స్తంభాలు, వైర్లు, మంటలొస్తే బయటపడే దారులు తనిఖీ చేశారు. దేశాల సంబంధాలన్నీ తెంచేసుకుంటే మేలనేవాళ్ల మాట నేనెందుకు ఒప్పుకోనంటే ఇందుకే. అక్కడి ఫ్యాక్టరీ గోడ గురించి ఇంత దూరం నుంచి గట్టిగా అడిగే వీలు ఆ సంబంధం వల్లే వచ్చింది.

మీ చొక్కా మెడ దగ్గర లేబుల్ మీద దేశం పేరు ఉంటుంది, ఫ్యాక్టరీ పేరు ఉండదు. కొన్ని కంపెనీలు ఇప్పుడు తమ ఫ్యాక్టరీల జాబితాను వెబ్‌సైట్‌లో పెడుతున్నాయి. మీ చొక్కా కంపెనీది ఉందేమో వెతకండి. దొరికితే నాకు రాయండి. దొరక్కపోతే ఆ కంపెనీకి రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య