యుద్ధం మధ్య పసిమనసు: అపోహలు - వాస్తవాలు

ఇక్కడ రాస్తున్నదంతా ఆరేళ్లలోపు పిల్లల గురించి. భయాన్ని సొంతంగా అణచుకునే శక్తి ఈ వయసులో ఇంకా రాదు. ఎత్తుకున్న మనిషి గొంతు, ముఖం, ఒంటి వెచ్చదనం తగిలితేనే వీళ్లు నెమ్మదిస్తారు. అందుకే పసివాళ్లకు చేసే సాయం చాలావరకు వాళ్లను పెంచే మనిషి చేతుల మీదుగానే జరగాలి. శిబిరాల్లో, ఆసుపత్రుల్లో తరచూ వినపడే కొన్ని మాటలు ఆ సాయానికి అడ్డం పడుతున్నాయి.

అపోహ: ఏడాది పాపకేం తెలుస్తుంది? పెద్దయితే అన్నీ మరిచిపోతుంది.

మాటల్లో చెప్పుకోగల జ్ఞాపకం ఉండదు, నిజమే. కానీ నిద్ర, ఆకలి, మనుషుల మీద నమ్మకం కుదురుకునేది ఆ నెలల్లోనే. దెబ్బ వాటికే తగులుతుంది. చంటిబిడ్డ పాలు సరిగా తాగదు, ఎత్తుకున్నా ఏడుపు ఆపదు, తలుపు చప్పుడుకే ఒళ్లు బిర్రబిగిస్తుంది. రెండు మూడేళ్ల పిల్లలకైతే వచ్చిన మాటలు పోతాయి. నడిచే పిల్లాడు చంక దిగడు. మానేసిన వేలు మళ్లీ నోట్లోకి వెళ్తుంది. పెద్దవాళ్ల లక్షణాలతో కొలిస్తే వీళ్ల బాధ దొరకదు. మానసిక జబ్బుల్ని గుర్తించడానికి అమెరికా వైద్యులు వాడే గ్రంథం డీఎస్‌ఎం-5, 2013లో వచ్చింది. ఘోరాన్ని చూశాక మిగిలే మానసిక గాయం పీటీఎస్‌డీకి అది ఆరేళ్లు, అంతకంటే చిన్న పిల్లల కోసం విడిగా ప్రమాణాలు పెట్టింది అందుకే.

అపోహ: ఈ పాప అల్లరి చెయ్యకుండా మూల కూర్చుంటుంది, ఏం ఫర్వాలేదు.

ఏడ్చే బిడ్డ కంటే ముందు ఏడవని బిడ్డ దగ్గరికి వెళ్లాలి. బొమ్మ ఇచ్చినా చెయ్యి చాపదు, కళ్లు కలపదు, ముక్కూమొహం తెలియని వాళ్లు ఎత్తుకున్నా కిక్కురుమనదు. హడావిడిలో ఉన్న శిబిరంలో ఈ బిడ్డే అందరి కళ్లూ తప్పించుకుంటుంది. ఆకలి కూడా పిల్లల్ని ఇలాగే చేస్తుంది కాబట్టి మొదట దండ చుట్టుకొలత, అంటే భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత చూడాలి. 6 నుంచి 59 నెలల పిల్లల్లో అది 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే తీవ్ర పోషకాహార లోపం కింద లెక్క, వెంటనే వైద్యం కావాలి. ఆ వైద్యంలో ఆట కూడా భాగమే. రోజుకు 15 నుంచి 30 నిమిషాలు, వీలైతే తల్లితోనే, ఎదురెదురుగా కూర్చుని కబుర్లు, చప్పట్లు, మూత గట్టిగా బిగించిన డబ్బాతో చేసిన గిలక్కాయ. తిండి ఒక్కటే పెట్టి వదిలేస్తే బరువు పెరుగుతుంది గానీ మాట, ఆట వెనకబడే ఉంటాయి.

అపోహ: పిల్లల్ని ముందు సురక్షితమైన చోటికి పంపేస్తే చాలు, పెద్దవాళ్లు తర్వాత వెళ్లొచ్చు.

ప్రాణం దక్కాలంటే అలా పంపక తప్పని సందర్భాలున్నాయి. కానీ ఆ ఎడబాటే మరో గాయం. 1939 సెప్టెంబరు 1న బ్రిటన్ నగరాల నుంచి పిల్లల్ని పల్లెలకు తరలించడం మొదలుపెట్టారు. ఆ యుద్ధకాలంలో లండన్‌లో శిశు సంరక్షణాలయాలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ ఒక సంగతి గమనించి రాశారు. తల్లి పక్కన ఉండి బాంబుల మోత విన్న పసివాళ్ల కంటే, తల్లికి దూరమై నిమ్మళంగా ఉన్న చోట పెరుగుతున్న వాళ్లే ఎక్కువ కుంగిపోయారు. అందువల్ల తరలించేటప్పుడు తల్లినీ బిడ్డనూ కలిపి పంపాలని పట్టుబట్టాలి.

విడదీయక తప్పకపోతే కొన్ని పనులు బయల్దేరే ముందే జరగాలి. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పూర్తి పేర్లు, ఊరు, ఫోన్ నంబరు చెరగని సిరాతో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, బట్టల లోపలి వైపు కుట్టాలి. మెడలో వేలాడదీస్తే దారిలో ఎవరైనా చదివి, పేరు పెట్టి పిలిచి తీసుకుపోయే ప్రమాదం ఉంది. తోబుట్టువుల్ని ఒకే వాహనం ఎక్కించాలి. తల్లి కట్టుకున్న గుడ్డ ఒకటి ఉతక్కుండా బిడ్డతో పంపాలి.

తప్పిపోయి దొరికిన పిల్లలైతే ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికారో ఆ రోజే రాసుకోవాలి. ఒంటి మీది బట్టలు పారేయకూడదు. ఊరి పేరు చెప్పలేని పిల్లాడి తరఫున ఒక్కోసారి అవే సాక్ష్యం. కొత్త పేరు పెట్టకూడదు. కుటుంబాన్ని వెతకడం పూర్తికాకుండా దత్తత మాట ఎత్తకూడదు, ఎంత మంచి కుటుంబం ముందుకొచ్చినా సరే. ఆశ్రమం కంటే బంధువుల ఇల్లు మేలు, బంధువులు లేకపోతే పెంపుడు కుటుంబం. 2000లో రొమేనియా రాజధాని బుకారెస్టులో మొదలైన అధ్యయనంలో ఆశ్రమాల్లోని పసిపిల్లల్లో కొందరిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి ఎదుగుదల గమనించారు. సుమారు రెండేళ్ల లోపు ఇల్లు దొరికిన వాళ్లు మిగతావాళ్ల కంటే బాగా కోలుకున్నారు.

అపోహ: భయానికి తల్లిపాలు ఎండిపోతాయి, డబ్బా పాలు పంచాలి.

భయం వల్ల పాలు చేపడం కాసేపు ఆగుతుంది, తయారవడం ఆగదు. ఆ కాసేపట్లో డబ్బా పాలు అలవాటు చేస్తే బిడ్డ చప్పరించడం తగ్గి, అప్పుడు నిజంగానే పాలు తగ్గుతాయి. పైగా శుభ్రమైన నీళ్లు లేని చోట సీసా పాలు విరేచనాలు తెచ్చిపెడతాయి. తల్లికి తెర కట్టిన చోటు, తాగే నీళ్లు, తిండి ముందు ఇవ్వాలి. బిడ్డను రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టాలి. అప్పుడే పుట్టిన బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వాలి. డబ్బా పాలు తల్లి లేని, మరో తల్లి పాలూ దొరకని బిడ్డల కోసం దాచి ఉంచాలి.

అపోహ: జరిగిందంతా చెప్పిస్తే, బొమ్మలు గీయిస్తే గుండె బరువు దిగుతుంది.

జరిగిన ఘోరాన్ని ఒకేసారి కూర్చోబెట్టి చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. "నువ్వు చూసిన బాంబు గీయి" అని పిల్లాణ్ని అడగకూడదు. పక్కన కెమెరా ఉంటే అసలే అడగకూడదు. తనంతట తాను చెబితే వినాలి, తను ఆపినచోట ఆపాలి.

ఆట సంగతి వేరు. పిల్లలు ఇల్లు కట్టి కూలగొడుతుంటారు, బొమ్మను పూడ్చిపెడుతుంటారు. చూసేవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది గానీ మాన్పించకూడదు. కథ రోజూ కొంచెం మారుతుంటే పిల్లవాడు దాన్ని జీర్ణం చేసుకుంటున్నట్టే. రోజులు గడుస్తున్నా ముఖంలో ఏ భావమూ లేకుండా ఒకే ఆట ఒకే చోట ముగుస్తుంటే మాత్రం పక్కన కూర్చుని ఓ కొత్త మనిషిని ఆటలోకి తేవాలి. "ఇప్పుడు అంబులెన్సు వచ్చింది, ఎవర్ని ఎక్కించుకుందాం?" అని అడగొచ్చు.

అపోహ: పక్క తడపడం మొండితనం.

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో ముందు పరీక్ష చేయించాలి. శిబిరంలో చీకట్లో మరుగుదొడ్డి దాకా నడవాలంటే పిల్లలకు భయం కాబట్టి రాత్రికి పక్కనే ఓ డబ్బా, చిన్న దీపం పెట్టాలి. మెచ్చుకోవాల్సింది పొడిగా లేచినందుకు కాదు, పడుకునే ముందు వెళ్లొచ్చినందుకు. అది ఒక్కటే పిల్లవాడి చేతిలో ఉంది. కొడితే, నలుగురిలో నవ్వితే సమస్య ముదురుతుంది.

అపోహ: నిద్ర పట్టని పిల్లలకు కొంచెం నిద్రమందు ఇస్తే తప్పులేదు.

తప్పే. ఘోరం జరిగిన తొలి నెలలో పిల్లల నిద్రలేమికి బెంజోడయాజిపైన్లు అనే రకం నిద్రమందులు ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది.

అపోహ: నాన్న చనిపోయాడని చెప్పకూడదు.

"నిద్రపోయాడు" అంటే బిడ్డ నిద్రకు భయపడుతుంది. "ఊరెళ్లాడు" అంటే గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. బిడ్డకు బాగా చేరికైన మనిషి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నాన్న చనిపోయాడు, ఇక రాడు, నీ తప్పేం లేదు, నిన్ను నేను చూసుకుంటాను" అని చెప్పాలి. మర్నాడు "నాన్న ఎప్పుడొస్తాడు?" అని మళ్లీ అడుగుతుంది. చనిపోయినవాళ్లు తిరిగి రారని ఈ వయసులో బోధపడదు. అడిగిన ప్రతిసారీ అదే జవాబు, అవే మాటల్లో చెప్పాలి.

అపోహ: తల్లి భయం దాచుకుని రాయిలా ఉండాలి.

కదలని ముఖం పసివాళ్లను భయపెడుతుంది. మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ప్రయోగంలో తల్లి ఉన్నట్టుండి ఏ భావమూ లేకుండా చూస్తుంటే రెండు మూడు నిమిషాల్లోనే బిడ్డలు తల్లడిల్లారు. "పెద్ద చప్పుడు, నాకూ భయమేసింది, ఇద్దరం కలిసే ఉన్నాం" అనడం మేలు. సైరన్‌కు ఒక క్రమం అలవాటు చేయాలి. ప్రతిసారీ అదే మాట, అదే సంచి, అదే మూల. కిందికి దిగాక వేడి గిన్నెను ఊదినట్టు నెమ్మదిగా ఐదారుసార్లు ఊపిరి వదిలించాలి. ప్రమాదం ఇంకా తలుపు దగ్గరే ఉన్నప్పుడు అప్రమత్తతను జబ్బు అనకూడదు. చేయాల్సింది దాన్ని మాన్పించడం కాదు, సైరన్ ఆగాక ఒళ్లు మళ్లీ నెమ్మదించేలా చూడటం.

తల్లే లేవలేని స్థితిలో ఉంటే ముందు ఆమెకు చికిత్స. యుద్ధ ప్రాంతాల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

అపోహ: ఈ పిల్లల బతుకు ఇక ఇంతే.

తిండి, నిద్ర, తోడు మనిషి, రోజూ ఒకేలా సాగే దినచర్య దొరికితే ఎక్కువమంది తేరుకుంటారు. నిపుణుల దగ్గరికి తప్పక పంపాల్సినవాళ్లు కొందరుంటారు. నెల దాటినా మాట తిరిగి రానివాళ్లు, తినడం మానేసి బరువు తగ్గుతున్నవాళ్లు, తమను తాము కొరుక్కునే, తల బాదుకునే వాళ్లు, పిలిస్తే పలకకుండా శూన్యంలోకి చూసేవాళ్లు. పంపే ముందు వినికిడి పరీక్ష చేయించాలి, పేలుడు దగ్గర ఉన్న పిల్లల్లో పలకకపోవడానికి చెవిపొర చిరగడం కూడా కారణం కావచ్చు. తలకు దెబ్బ తగిలిందేమో అడగాలి. శూన్యంలోకి చూడటం మూర్ఛ కూడా కావచ్చు. తెలిసిన మనిషి లేకుండా ఆ బిడ్డను ఒంటరిగా పంపకూడదు.