స్థలకాలం అఖండమా, చుక్కల కూర్పా?

1854 జూన్ 10న గాటింగెన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో గణితవేత్త బెర్న్‌హార్డ్ రీమన్ ఒక చిన్న మాట అన్నారు. స్థలం విడివిడి అంశాలతో ఏర్పడి ఉంటే, కొలత దాని లోపలే ఉంటుంది, లెక్కపెడితే చాలు. అఖండమైతే కొలతకు ఆధారం బయటి నుంచి రావాలి. ఐన్‌స్టీన్ 1915లో తన సాధారణ సాపేక్ష సిద్ధాంతంతో రెండో దారిలో వెళ్లారు. మొదటి దారి చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది.

స్థలం చుక్కలతో ఏర్పడి ఉంటే వాటి కొలత ఎంత చిన్నదిగా ఉండొచ్చో మాక్స్ ప్లాంక్ 1899 నాటి లెక్కల నుంచి తెలుస్తుంది: 1.6 × 10⁻³⁵ మీటర్లు. ప్రోటాన్ దీనికి దాదాపు 10²⁰ రెట్లు పెద్దది. గురుత్వాకర్షణకు క్వాంటం నియమాలు వర్తింపజేస్తే కొలతల ఖచ్చితత్వానికే ఒక హద్దు వస్తుందని 1936లో సోవియట్ భౌతికవేత్త మాత్వేయ్ బ్రాన్‌స్టైన్ గుర్తించారు. రెండేళ్లకే, 31 ఏళ్ల వయసులో, స్టాలిన్ ప్రభుత్వం ఆయన్ని కాల్చి చంపింది. ఆ నష్టం ఎంతటిదో ఇప్పటికీ అంచనా వేయలేం.

సరే, స్థలాన్ని గళ్లుగా కోసేస్తే సరిపోదా? సరిపోదు. ఒక చతురస్రాన్ని చిన్న చిన్న టైల్స్‌తో నింపామనుకోండి. భుజం వెంట ఎన్ని టైల్స్ ఉంటాయో, కర్ణం వెంటా అన్నే. దూరమంటే టైల్స్ లెక్కే అయితే కర్ణం, భుజం సమానమైపోతాయి, పైథాగరస్ సిద్ధాంతం కూలిపోతుంది. టైల్స్‌ను ఎంత చిన్నవి చేసినా తేడా రాదు. హెర్మన్ వైల్ 1949లో ఎత్తిచూపిన చిక్కు ఇది. సాపేక్ష సిద్ధాంతంతో ఇంకో చిక్కు: వేగంగా వెళ్లే పరిశీలకుడికి గళ్లు ఒక దిక్కున నొక్కుకుపోయి కనిపిస్తాయి. అంటే గళ్లు సమంగా కనిపించే పరిశీలకుడు ప్రత్యేకమైపోతాడు. సాపేక్షత ఒప్పుకోనిది సరిగ్గా దాన్నే.

1947లోనే హార్ట్‌లాండ్ స్నైడర్ ఒక దారి చూపారు. స్థానాలను మామూలు సంఖ్యలుగా కాక క్వాంటం ఆపరేటర్లుగా (క్వాంటం సిద్ధాంతంలో కొలవదగిన రాశులకు వాడే గణిత రూపాలుగా) తీసుకుంటే, కనిష్ఠ పొడవు ఉన్నా సాపేక్షత చెడదు. నాకు మరింత అందంగా తోచేది 1987 నాటి కాజల్ సెట్ (causal set, అంటే కారణ-కార్య వరస ఉన్న చుక్కల సమితి) ఆలోచన. బొంబెల్లి, లీ, మేయర్, సోర్కిన్ గళ్లను పూర్తిగా వదిలేశారు. నేల మీద తొలి చినుకుల్లా చుక్కలు యాదృచ్ఛికంగా పడితే, వాటిలో ఏ దిక్కూ ప్రత్యేకం కాదు. ఏ చుక్క దేనికి కారణం కాగలదన్న వరస, చుక్కల లెక్క, ఈ రెండే జ్యామితి. రీమన్ మాట 133 ఏళ్లకు రూపం కట్టింది.

ఈ బాటలోనే సోర్కిన్, విశ్వ స్థిరాంకం (విశ్వ విస్తరణను వేగవంతం చేసే రాశి) సున్నా కాకుండా అతి చిన్న విలువతో ఉండాలని ముందే అంచనా వేశారు. 1998 సూపర్‌నోవా పరిశీలనల్లో దాదాపు ఆ స్థాయి విలువే బయటపడింది.

1995లో రొవెల్లి, స్మోలిన్ లూప్ సిద్ధాంతంలో (గురుత్వాకర్షణకు క్వాంటం నియమాలు వర్తింపజేసే మరో ప్రయత్నం) వైశాల్యం మెట్లు మెట్లుగానే పెరుగుతుందని లెక్కగట్టారు.

పరీక్షలూ జరిగాయి. 2009 మే 10న ఫెర్మీ టెలిస్కోపు ఒక గామా కిరణ విస్ఫోటాన్ని పట్టుకుంది. 700 కోట్ల సంవత్సరాలకు పైగా ప్రయాణించిన 31 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఫోటాన్ (కాంతి కణం), విస్ఫోటం కనిపించిన సెకనులోపే చేరింది. స్థలం అఖండం కాకపోతే శక్తితో పాటే కాంతి వేగం మారుతుందనే సరళమైన నమూనాలకు ఇది గట్టి దెబ్బ. కానీ దెబ్బ తగిలింది ఆ నమూనాలకే, చుక్కల ఆలోచనకు కాదు. ఈ రెండింటినీ కలిపేయడం తప్పు.

చుక్కలు ఒక్కొక్కటిగా పుట్టే నియమాలను 2000లో రైడౌట్, సోర్కిన్ ప్రచురించారు. అవి మామూలు సంభావ్యతతో నడుస్తాయి. వాటి స్థానంలో నిలిచే పూర్తి క్వాంటం నియమం ఇంకా దొరకలేదు.