యాత్రికులు చూసిందెంత, విన్నదెంత? కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్గొండలో ఇరవై రెండేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు చరిత్ర బోధిస్తున్నాను. యాత్రికుల పాఠం మొదలుపెట్టే రోజున ప్రతి విద్యార్థి చేత నోటుపుస్తకంలో నిలువుగా ఒక గీత గీయించి, ఒకవైపు ‘చూసినవి’, రెండోవైపు ‘విన్నవి’ అని రాయిస్తాను. ఈ ఒక్క గీతతో తేలిపోయే అపోహలు మనలో చాలానే ఉన్నాయి.

అపోహ: మార్కో పోలో కాకతీయ రాజ్యానికి వచ్చి రుద్రమదేవి పాలనను కళ్లారా చూశాడు.

వాస్తవం: అతని గ్రంథంలో ‘ముత్ఫిలి’ పేరుతో కనిపించేది మోటుపల్లి రేవు. ఆ రాజ్యాన్ని వివేకవంతురాలైన ఒక రాణి పాలిస్తున్నదనీ, ఆమె భర్త చనిపోయి సుమారు నలభై ఏళ్లయిందనీ అందులో ఉంది. ఆమెకు ముందు పాలించిన గణపతిదేవుణ్ణే ఆ భర్తగా అనుకున్నట్టుంది; నిజానికి రుద్రమదేవి ఆయన భార్య కాదు, కుమార్తె. అంతకంటే గట్టి ఆధారం మన జిల్లాలోనే, నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయుడు శివలోకం చేరారనీ, వారికి పుణ్యంగా పువ్వుల ముమ్మడి అనే భటుడు దేవునికి భూమి ఇచ్చాడనీ తెలిపే ఆ శాసనం 1289 నాటిది. మార్కో పోలో చైనా నుంచి ఓడలో తిరుగు ప్రయాణం కట్టిందే 1290 తరువాత. అంటే అతను మన సముద్రతీరాన్ని సమీపించేనాటికే రాణి లేదు. రేవుల్లో నావికులు చెప్పుకొనే మాటలే అతని చెవిన పడి ఉండాలి. ఒకసారి విద్యార్థులను చందుపట్లకు తీసుకువెళ్లినప్పుడు, ఒక అమ్మాయి రాతి మీది అక్షరాలను వేలితో తడుముతూ ‘ముమ్మడి’ అన్న మాటను కూడబలుక్కుని చదివి, “సార్, ఈయనకు తెలిసింది మార్కో పోలోకు తెలియలేదు” అన్నది. నేను తరగతిలో గంటసేపు చెప్పినా అంత స్పష్టంగా చెప్పలేకపోయేవాడిని.

మార్కో పోలో గ్రంథంలోనే ఉన్న, లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయన్న కథ కూడా ‘విన్నవి’ వైపుకే చేరుతుంది. అలాంటి కథనే రత్నాల విషయంలో సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ నాలుగో శతాబ్దంలోనే రాశాడు.

అపోహ: విన్న మాటలు రాశారంటే యాత్రికులు అబద్ధాలకోరులే.

వాస్తవం: ఇది మొదటిదానికంటే ఎక్కువ హాని చేసే అపోహ. క్రీ.శ. 399లో చైనా నుంచి కాలినడకన బయలుదేరిన ఫాహియాన్, దక్షిణాపథంలో కొండను తొలిచి కట్టిన ఐదంతస్తుల విహారాన్ని వర్ణించాడు. కింది అంతస్తు ఏనుగు ఆకారంలో, పై అంతస్తు పావురం ఆకారంలో ఉంటాయని రాసి, తాను అక్కడికి వెళ్లలేకపోయాననీ, అక్కడివారు చెప్పిందే రాశాననీ దాపరికం లేకుండా చెప్పాడు. పదహారు వందల ఏళ్ల కిందటే ఆ గీతను తనకు తానే గీసుకున్న మనిషి ఆయన.

అపోహ: తెలుగువారు ఊరు దాటి వెళ్లి రాసింది లేదు.

వాస్తవం: చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే అనువాదకుడిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, కాశీయాత్ర ముగించుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. శ్రీశైలం చూసి, కృష్ణ దాటి, వనపర్తి, జడ్చర్ల మీదుగా హైదరాబాదు వెళ్లాడు. ఈనాడు పాలమూరు బస్సు కిటికీలోంచి కనిపించే దారిలోనే నీళ్లు దొరికే చోట్లు, దిగడానికి వసతి ఉన్న ఊళ్లు చూసుకుంటూ, ఏ రోజుది ఆ రోజు రాసుకున్నాడు. ఆ రోజుల పాలమూరు గురించి ఇంత దగ్గరి సాక్ష్యం తెలుగులో ఉండగా, దాన్ని చదవకుండానే విదేశీయుల పేర్లు బట్టీపట్టించడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

అపోహ: దేశాలు తిరగాలన్న తపన కొందరు సాహసికులకే పుట్టుకతో వస్తుంది.

వాస్తవం: కుతూహలం అందరిలోనూ ఉంటుంది, దారి పట్టించేది మాత్రం ఎక్కువగా భక్తి, వ్యాపారం, కొలువు, కరువు. తెలిసినవారి సాయం లేకుండా ఎవరూ ఎక్కడికీ చేరలేదు. వాస్కో డ గామా 1498లో తూర్పు ఆఫ్రికాలోని మాలింది రేవు నుంచి స్థానిక మార్గదర్శకుడి సాయంతో, అనుకూలమైన గాలితో నాలుగు వారాల లోపే కోళికోడ్ తీరానికి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో రుతుపవనాల వేళ చూసుకోకుండా బయలుదేరినందున అదే సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టి, ఎందరో నావికులు వ్యాధితో చనిపోయారు.

పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. వారిని మనం వలసజీవులు అంటాం గానీ యాత్రికులు అనం. కిందటేడు మా కళాశాలలో పాలమూరు నుంచి వచ్చిన ఒక విద్యార్థి, గుంపు మేస్త్రీ వెంట కాలువ పనికి వెళ్లిన తన నాయనమ్మ జ్ఞాపకాలను అదే గీత గీసి రాసుకొచ్చాడు. ‘చూసినవి’ కింద నాలుగు పేజీలున్నాయి. ‘విన్నవి’ కింద ఉన్నది ఒకే వాక్యం: ఆ కాలువ చివరికి ఏ ఊరి పొలాలకు పోతుందో మేస్త్రీ చెప్పిన మాట.